కొత్తవాళ్ల కుమ్మరి క్లాసులో మట్టి లాంతరు: కిటికీలు ఎప్పుడు కోయాలి?

పిడికెడు_మన్ను
హైదరాబాదులో వారానికొకసారి రెండు గంటలు జరిగే కొత్తవాళ్ల తరగతిలో చేరాను. చక్రం జోలికి పోకుండా ముందు చేతితో కట్టడమే నేర్పుతున్నారు. గిన్నెలు, పళ్లేలు అయిపోయి ఇప్పుడు అలంకారపు లాంతరు దగ్గరికి వచ్చాం. మట్టిని కర్రతో పలకగా ఒత్తి, గొట్టంగా చుట్టి, అతుకు వేసి, ఆ గోడలో ఆకుల ఆకారంలో కిటికీలు కోయాలి. గొట్టం నిలబెట్టిన రోజే కోస్తే పైభాగం బరువుకు కిటికీలు నలిగి లాంతరు ఒక పక్కకు ఒరిగిపోయింది. మరొకదాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి మరుసటి వారం కోయబోతే కత్తి దిగలేదు, అంచులు పెళుసుగా రాలాయి, ఆరిన తర్వాత ప్రతి కిటికీ మూల నుంచీ పగుళ్లు వచ్చాయి. మొదటిసారి తొందరపడ్డానన్నారు, రెండోసారి ఆలస్యం చేశానన్నారు. వారానికి రెండు గంటలే దొరికే మనిషికి ఈ రెండింటి మధ్య సమయం ఎలా చిక్కుతుందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. అసలు కొత్తవాళ్ల చేత లాంతరు చేయించడం సబబేనా?

కరకట్ట
గడియారం పక్కన పెట్టి మట్టినే అడగండి. పలకను అంచు పట్టుకుని ఎత్తితే వంగకూడదు. గోటితో నొక్కితే గుర్తు పడాలి కానీ మట్టి గోటికి అంటుకోకూడదు. చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగలాలి. కత్తి వేస్తే ముక్క పొడి రాలకుండా, సాగకుండా ఊడి రావాలి. క్లాసుల్లో లెదర్ హార్డ్ అనేది ఈ దశనే. మే నెల హైదరాబాదు ఎండలో పలుచని పలక గంటా రెండు గంటల్లోనే ఈ దశ దాటిపోతుంది, వానాకాలంలో మా కోనసీమలో అదే పలక మర్నాటికి కూడా ఇక్కడికి రాదు. అందువల్ల ఇన్ని గంటలని ఎవరైనా లెక్క చెబితే, వారు ఏ ఊళ్లో ఏ నెలలో చేశారో కూడా అడగండి.

రెండో_బెంచీ
మా తరగతిలో ఈ చెంప పరీక్ష నేర్పిన రోజున అందరం బుగ్గల మీద ఎర్రమన్నుతో మెట్రో ఎక్కాం.

నున్నని_పలక
పిడికెడు_మన్ను గారి చిక్కు మట్టి వల్ల వచ్చింది కాదు, తరగతిని నడిపే తీరు వల్ల వచ్చింది. నేను సెలవు దినాల్లో పెద్దలకు చేతిపని నేర్పుతుంటాను. లాంతరును ఒకే తరగతిలో మొదలుపెట్టి కిటికీల దాకా తీసుకుపోవాలని చూస్తే ఎవరికైనా ఇదే జరుగుతుంది. మొదటి తరగతిలో పలకలు మాత్రమే ఒత్తించాలి. మట్టికి రెండు పక్కలా 6 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్కపట్టీలు పెట్టి, వాటి మీదుగా కర్రను దొర్లిస్తే మందం అంతటా ఒకేలా వస్తుంది. ఒకే దిశలో లాగకుండా పలకను తిప్పుతూ, బోర్లిస్తూ ఒత్తాలి, లేకపోతే ఆరేటప్పుడు లాగిన వైపుకే ముడుచుకుంటుంది. ఆ తర్వాత పలకలను జిప్సం బోర్డుల మధ్య కాసేపు ఉంచి, కొంచెం బిగిశాక మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజితో పాటు పెడితే వారం తర్వాత కూడా దాదాపు అదే పదునులో ఉంటాయి. పలుచని క్యారీ బ్యాగు చుట్టి వదిలేస్తే దాని ముడి సందులోంచే తడి అంతా పోతుంది, రెండోసారి జరిగింది బహుశా ఇదే. ఇంకో సలహా ఏమిటంటే, గొట్టం మానేసి నాలుగు పలకల చదరపు లాంతరుతో మొదలుపెట్టండి. బిగిసిన పలకను బల్ల మీద పరిచి, వెనుక ఆధారం ఉండగానే కిటికీలు కోసుకుని, ఆ తర్వాత గోడలు నిలబెట్టవచ్చు. గోడ కూలుతుందన్న భయం ఉండదు.

గోడమూల
నున్నని_పలక గారి చివరి మాటతో నేను ఏకీభవించను. గొట్టానికి ఒక్కటే అతుకు, చదరానికి నాలుగు నిలువు అతుకులు, అడుగున మరో నాలుగు. కొత్తవాళ్ల చేతిలో ఊడిపోయేది కిటికీ కన్నా ముందు అతుకే. మా బృందంలో చేసిన చదరపు లాంతర్లలో సగానికి పైగా మూలల దగ్గర విచ్చుకున్నాయి.

నున్నని_పలక
అతుకు విచ్చుకుందంటే దాన్ని కేవలం తడి చేసి అంటించి ఉంటారు. రెండు అంచులనూ 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, సూదితోనో పాత ఫోర్కుతోనో లోతుగా గీతలు గీసి, పెరుగంత చిక్కని మట్టినీటిని పూసి, కాస్త అటూ ఇటూ కదిలిస్తూ నొక్కాలి. లోపలి మూలలో సన్నని మట్టి తాడు పెట్టి వేలితో మెదిపి నింపాలి. రెండు పలకల్లోనూ తడి సమానంగా ఉండాలన్నది అన్నింటి కన్నా ముఖ్యం. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉంటే మెత్తనిది ఎక్కువగా కుంచించుకుపోతుంది కాబట్టి ఎంత మట్టినీరు పూసినా అతుకు నిలవదు.

సారె_ఇంటివాడు
మాది తరతరాలుగా కుండలు చేసే ఇల్లు. నేను ఉద్యోగంలో ఉన్నా, ఇంట్లో ఆవం ఇప్పటికీ ఆరిపోలేదు. ఇక్కడ అందరూ పలక గురించే మాట్లాడుతున్నారు. చేతితో కట్టే లాంతరుకు తాళ్ల పద్ధతి మంచిదని నా అభిప్రాయం. చిటికెన వేలంత మట్టి తాళ్లు చేసి, ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ, లోపలా బయటా మెదుపుతూ పైకి పోవచ్చు. గోడ లోపల ఒక చెయ్యి ఆనించి, బయట నుంచి చెక్కతో తడితే మట్టి బిగుస్తుంది, పై నుంచి కింది దాకా సాగే ఒంటి అతుకు అన్నదే ఉండదు. కొంచెం పైకి కట్టి, అది బిగిసే దాకా ఆగి మళ్లీ కట్టే వీలుంది కాబట్టి వారానికొకసారి వచ్చేవారికి ఇది అనువు. పై అంచును మాత్రం తడిగుడ్డతో కప్పి ఉంచాలి.
మట్టి గురించి కూడా చెప్పాలి. జల్లించిన సన్న ఇసుకో, కాలిన కుండపెంకుల పొడో కలపని ఉత్త బంకమట్టితో కిటికీల గోడ కడితే పగలక మానదు. బంక ఎంత ఎక్కువగా ఉంటే ఆరేటప్పుడు అంత ముడుచుకుంటుంది. సంచిలో కొన్న మట్టి అయితే గ్రాగ్, అంటే కాల్చిన మట్టి పొడి కలిసినది అడగండి. చెరువు మట్టి తెచ్చుకునేవారు నానబెట్టి జల్లెడ పట్టాల్సిందే. అందులో సున్నపు గులకలు ఉండిపోతే కాల్చి బయటికి తీసిన కొద్ది రోజులకు అవి గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బి, గోడ మీద పెచ్చు ఊడదీస్తాయి. పగుళ్లేవీ లేకుండా వచ్చిన లాంతరు షెల్ఫులో కూర్చుని పెచ్చులు రాలుస్తుంటే చాలామంది కాల్చినవారిని తప్పుపడతారు.

సైటు_ఇంజినీరు
మూలల్లోంచి పగుళ్లు వచ్చాయన్న మాట దగ్గర నేను ఆగాను. ఆకుల కిటికీలన్నారు కాబట్టి రెండు చివర్లూ సూదిగా కోసి ఉంటారు. గోడ కుంచించుకునేటప్పుడు పుట్టే లాగుడంతా ఆ సూదిమొన దగ్గర చేరుతుంది. ముందు రెండు కొసల దగ్గర సన్నని గొట్టంతో గుండ్రని బెజ్జాలు పొడిచి, వాటిని కలుపుతూ కత్తి నడిపితే ఆకు ఆకారం చెడదు, మొన కూడా ఉండదు. కోసేటప్పుడు కత్తి గీత కొసను దాటి ముందుకు పోకుండా చూసుకోవాలి. ఆ వెంట్రుకంత గీతే రేపటి పగులు.
కిటికీ పై అంచు అడ్డంగా, తిన్నగా ఉంటే పై బరువుకు కుంగుతుంది. కమాను ఆకారమో, కొన మీద నిలబెట్టిన డైమండు ఆకారమో అయితే బరువు పక్కలకు దిగిపోతుంది. రెండు కిటికీల మధ్య కనీసం బొటనవేలి వెడల్పు మట్టి వదలండి. ఒక వరుస కిటికీలు సరిగ్గా ఇంకో వరుస మీదకు రాకుండా, ఇటుకల వరసలో వేసినట్టు ఎడంగా వేస్తే గోడకు నిలువునా బలహీనమైన చోటు ఏర్పడదు.

వడోదర_తెలుగు
గుజరాత్‌లో నవరాత్రులకు గర్బో అని చుట్టూ బెజ్జాలున్న మట్టికుండను పెట్టి, లోపల దీపం వెలిగిస్తారు. చుట్టూ ఆడే గర్బా నృత్యానికి కూడా ఆ పేరే వచ్చింది. పండుగ ముందు ఇక్కడి బజార్లలో రంగులు పూసి అద్దాలు అతికించినవి గుట్టలుగా కనిపిస్తాయి. వాటిని చూస్తే నాకు అర్థమైంది ఒకటుంది. వాటిలో ఎక్కువ భాగం గుండ్రని బెజ్జాలే. ఆకులు, నెమళ్లు, జాలీలు అంటూ కొత్తవాళ్లు మొదటి లాంతరులోనే రాజస్థాన్ కోట కట్టబోతారు. చిన్న గుండ్రని బెజ్జాలనే వరుసలుగా, చుక్కల ముగ్గు లెక్కన వేస్తే గోడ బలం పెద్దగా తగ్గదు, దీపం పెట్టాక అందం కూడా తక్కువేమీ కాదు. బెజ్జం బయటి నుంచి లోపలికి పొడిచినప్పుడు లోపల లేచే మట్టి పెళ్లలను అప్పుడే గిల్లకండి. పూర్తిగా ఆరాక గట్టి కుంచెతో రుద్దితే అవే రాలిపోతాయి. తడిమీద గిల్లితే బెజ్జం ఆకారం పోతుంది.

రెండో_బెంచీ
చుక్కల ముగ్గు లెక్క అంటే 11 నుంచి 1 దాకానా, సందు చుక్కలా?

వడోదర_తెలుగు
గొట్టం చుట్టూ వేయాలి కాబట్టి సందు చుక్కలే మేలు. సైటు_ఇంజినీరు గారు చెప్పిన ఎడం కూడా దానంతట అదే కుదురుతుంది.

పిడికెడు_మన్ను
చాలా స్పష్టత వచ్చింది. ఈసారి ఆకులు తగ్గించి బెజ్జాలు పెంచుతాను. ఇంకో అనుమానం ఉంది. పీవీసీ పైపు చుట్టూ పలకను చుట్టి, పైపు లోపలుండగానే కిటికీలు కోయవచ్చని ఒకరు చెప్పారు. గోడకు ఆధారం ఉంటుంది కదా?

నున్నని_పలక
ఉంటుంది, కానీ పైపుకు ముందుగా న్యూస్‌పేపరు వదులుగా చుట్టి, దాని మీద పలక చుట్టాలి. మట్టి బిగిసే కొద్దీ ముడుచుకుంటుంది, పైపు ముడుచుకోదు. తన కాళ్ల మీద తాను నిలబడగలిగిన వెంటనే పైపును బయటికి లాగేయాలి. పైపు లోపలే ఉంచి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి నిలువునా చీలిన లాంతరు కనిపిస్తుంది. ఇక కిటికీలు కోసిన తర్వాత ఆరబెట్టడం వేరే పని. కోసిన చోట గాలి రెండు వైపులా తగిలి తొందరగా ఆరుతుంది, అడుగు పళ్లెం మాత్రం తడిగానే ఉంటుంది. కిటికీల భాగానికి పలుచని ప్లాస్టిక్ కప్పి, మధ్యమధ్య బోర్లించి అడుగుకు గాలి తగలనిస్తూ నెమ్మదిగా ఆరనివ్వాలి. ఫ్యాను కింద పెట్టకూడదు. మూత చేస్తే దాన్ని లాంతరు మీద పెట్టే ఆరబెట్టండి, విడిగా ఆరితే రెండింటి గుండ్రం రెండు రకాలుగా వంకరపోతుంది.

కొత్త_కుండ
మట్టిలో గాలి బుడగ ఉంటే బట్టీలో పేలుతుందని మా తరగతిలో గట్టిగా చెబుతారు. అతుకులెక్కువ ఉన్న లాంతరులో బుడగలు తప్పవు కదా, అంటే ఇది కాల్చడానికే ప్రమాదమా?

సారె_ఇంటివాడు
పేల్చేది గాలి కాదు, తడి. మట్టిలో మిగిలిన నీళ్లు 100 డిగ్రీలు దాటాక ఆవిరై, బయటికి దారి దొరక్క గోడను పగలగొడతాయి. బుడగ ఉన్న చోట గోడ మందంగా ఉండి లోపల తడి నిలిచిపోతుంది, అందుకని నింద గాలి మీద పడింది. హరప్పా నాగరికత తవ్వకాల్లో లోపల మట్టి గుళికలున్న గుల్ల గిలక్కాయలు దొరికాయి. లోపలంతా గాలే, అయినా చక్కగా కాలాయి.

జెర్సీ_కుండ
సారె_ఇంటివాడు గారి మాట నిజం. న్యూజెర్సీలో మా సంఘపు స్టూడియోలో విద్యుత్ బట్టీని 100 డిగ్రీల లోపల కొన్ని గంటలు నిలిపి, ఆ తర్వాతే వేడి పెంచుతారు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని స్ఫటికం (క్వార్ట్జ్) నిర్మాణం మారి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుంటుంది. కాబట్టి పైకి పోయేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ అక్కడ నెమ్మదిగా నడపాలి. సన్నని పట్టీలున్న లాంతరుకు ఈ జాగ్రత్త మామూలు కప్పుల కన్నా ఎక్కువ అవసరం. మొదటి కాల్పు కోన్ (బట్టీ వేడికి కుమ్మరులు వాడే కొలత) 04 దగ్గర, అంటే దాదాపు 1060 డిగ్రీలకు ఆపుతారు. ఇక్కడ చాలామంది గ్లేజు, అంటే గాజులాంటి పూత వేసి కోన్ 6 దాకా, అంటే 1220 డిగ్రీల చుట్టుపక్కలకు మళ్లీ కాలుస్తారు. ఆ వేడికి, ఎక్కువ వేడిలో గట్టిపడే స్టోన్‌వేర్ మట్టి కొంత మెత్తబడుతుంది కాబట్టి కిటికీలు ఎక్కువైన గోడ బట్టీలోనే నడుం వంచుతుంది. నా అభిప్రాయంలో మొదటి లాంతరుకు గ్లేజు అక్కర్లేదు. ఎర్రమట్టి రంగే దీపపు వెలుగుకు బాగా నప్పుతుంది, పైగా చిన్న బెజ్జాలను గ్లేజు పూడ్చేస్తుంది.

గోడమూల
బయట అక్కర్లేదు, సరే. లోపలి గోడకు మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే తెల్ల మట్టినీటి పూత ఒకటి వేయండి. ఎర్ర గోడ వెలుగును మింగేస్తుంది, తెల్లదైతే వెనక్కి కొట్టి బెజ్జాల్లోంచి బయటికి పంపుతుంది. తేడా మీరే చూస్తారు.

లెక్కల_మాస్టారు
కొలతల గురించి ఎవరూ మాట్లాడలేదు. టీలైటు కొవ్వొత్తి వ్యాసం సుమారు 38 మిల్లీమీటర్లు ఉంటుంది. అది దూరడానికి కాలిన తర్వాత 40 మిల్లీమీటర్ల ద్వారం కావాలనుకుందాం. మీ మట్టి తడి నుంచి కాలే దాకా 12 శాతం ముడుచుకుంటుందని సంచి మీద ఉంటే, చాలామంది 40కి 12 శాతం కలిపి 44.8 కోస్తారు. అది కాలాక 39.4కి దిగుతుంది. 40ని 0.88తో భాగించాలి, అప్పుడు 45.5 వస్తుంది. చిన్న ద్వారానికి ఈ తేడా పెద్దది కాకపోవచ్చు. 250 మిల్లీమీటర్ల ఎత్తు లాంతరుకు, మూతకు, అడుగు పళ్లేనికి కూడా ఇదే పొరపాటు చేస్తే ఒకదాని మీద ఒకటి కూర్చోవు. శాతం ఏ కొలత మీద తీస్తున్నారన్నదే ఇక్కడ కీలకం.

రెండో_బెంచీ
మాస్టారు గారు, పదో తరగతిలో తప్పించుకున్న ప్రశ్న మట్టి రూపంలో వచ్చి పట్టుకుంది.

కరకట్ట
ద్వారం అవసరం లేకుండా చేసే మార్గం ఉంది. అడుగు లేని లాంతరు చేయండి. పళ్లెం మీద ప్రమిద పెట్టి, వెలిగించి, పై నుంచి లాంతరు గూడు దించాలి. అడుగు అతుకు ఉండదు, ఆరబెట్టడం సులభం, చెయ్యి లోపలికి పెట్టే బాధ లేదు. కింది అంచున మూడు నాలుగు చోట్ల చిన్న గండ్లు కోస్తే గాలి లోపలికి వస్తుంది. పైన వేడి పోవడానికి కనీసం మూడు వేళ్లు పట్టే రంధ్రం ఉండాలి. అది లేకపోతే పైకప్పు ఒక్కచోటే కాగి పగులుతుంది, దీపం కూడా పొగచూరి కొడిగడుతుంది.

జెర్సీ_కుండ
నన్నడిగితే కొత్తవాళ్ల లాంతరులో మంట అసలు పెట్టకూడదు, ఎల్‌ఈడీ టీలైటే పెట్టాలి. మందం ఎక్కడెంతుందో తెలియని గోడకు వేడి తగిలితే ఎక్కడ పగులుతుందో చెప్పలేం.

సారె_ఇంటివాడు
ప్రమిద కూడా మట్టిదే, దాని అంచునే వత్తి మండుతుంది, పగలడం లేదు. గ్లేజు లేని, ఇసుక కలిసిన, ఆవంలో కాలిన మట్టి గుల్లగా ఉంటుంది కాబట్టి దీపపు వేడిని బాగానే ఓర్చుకుంటుంది. జెర్సీ_కుండ గారి భయం బాగా ఎక్కువ వేడిలో కాలి, గాజులా బిగిసిన స్టోన్‌వేర్ విషయంలో న్యాయమైనదే. నూనెను నేరుగా లాంతరు అడుగున పోయకుండా దీపాన్ని విడి ప్రమిదలో పెట్టండి. గుల్ల మట్టి నూనె పీల్చుకుని బయటి గోడకు మరకలు తేలుస్తుంది, కింద పరిచిన బట్టకు కూడా అంటుతుంది.

వడోదర_తెలుగు
మంటకూ ఎల్‌ఈడీకీ వెలుగులో తేడా ఉంది. వెలుగు పుట్టే బిందువు ఎంత చిన్నదైతే గోడ మీద పడే నమూనా అంత స్పష్టంగా వస్తుంది. పాలరంగు ప్లాస్టిక్ మంట ఉన్న ఎల్‌ఈడీ వెలుగును పరిచేస్తుంది కాబట్టి నీడలు అలుక్కుపోతాయి. ఆ ప్లాస్టిక్ టోపీ తీసేసి బల్బు ఒక్కటే ఉంచితే చుక్కలన్నీ గదిగోడ మీద విడివిడిగా పడతాయి. ఇంకొకటి, మందం గోడలో సన్నని బెజ్జం వేస్తే ఎదురుగా కూర్చున్నవారికే వెలుగు కనిపిస్తుంది, పక్కన ఉన్నవారికి గోడ అడ్డం వస్తుంది. బయటి అంచును కొంచెం ఏటవాలుగా చెక్కితే ఆ లోపం తగ్గుతుంది.

కొత్త_కుండ
ఆరిన తర్వాత వచ్చిన పగుళ్లను పూడ్చవచ్చా? వెనిగరు కలిపిన మట్టినీరు పూస్తే సరిపోతుందంటున్నారు.

నున్నని_పలక
వెంట్రుకవాసి పగులైతే వెనిగరు మట్టినీరో, టిష్యూ కాగితం నానబెట్టి కలిపిన మట్టి ముద్దో పనికొస్తుంది. కిటికీల మధ్య పట్టీ తెగిపోతే మాత్రం మరమ్మతు మీద గంట పెట్టడం దండగ, కాల్చేటప్పుడు అదే చోట మళ్లీ విచ్చుకుంటుంది. పూర్తిగా ఆరనిచ్చి, ముక్కలు చేసి బకెట్టు నీళ్లలో వేయండి. ఎండిన మట్టి ఇట్టే విడిపోయి కరుగుతుంది, సగం తడి ముద్ద వేస్తే రోజుల తరబడి గడ్డగానే ఉంటుంది. బట్టీలోకి వెళ్లనంత వరకు మట్టి ఖర్చయినట్టు కాదు.

తులసి_కోట
నేను వేరే అవసరం మీద ఈ చర్చ చదువుతున్నాను. కార్తీకంలో గుళ్లలో ధ్వజస్తంభానికి ఆకాశదీపం కడతారు కదా, అలాంటిదే చిన్నది చేసి మా ఇంటి వరండాలో వేలాడదీయాలని ఉంది. చేతితో కట్టిన మట్టి లాంతరు వేలాడే బరువు ఓర్చుకుంటుందా? చెవులు అతికించాలా?

సారె_ఇంటివాడు
చెవులు అతికించకండి. బరువంతా అతుకు మీద పడుతుంది, గాలికి ఊగే వస్తువు కాబట్టి అతుకే ముందు తెగుతుంది. అంచును గోడకన్నా రెట్టింపు మందంగా కట్టి, దాని కింద రెండు వేళ్ల దూరంలో సమాన ఎడంతో మూడు బెజ్జాలు వేయండి. రెండే వేస్తే ఒరుగుతుంది. అడుగును చదునుగా కాకుండా గిన్నెలా వంపుగా కడితే బరువు గోడలకు సమానంగా పంచుకుంటుంది, ప్రమిద కూడా జారకుండా మధ్యలో కూర్చుంటుంది. కిటికీలను మధ్య భాగానికే పరిమితం చేసి, వేలాడే బెజ్జాల కింద గోడను నిండుగా వదలండి.

సైటు_ఇంజినీరు
మూడు బెజ్జాలకూ రాగి తీగో, తుప్పు పట్టని జీఐ తీగో కట్టి పైన ఒక కొక్కేనికి కలపండి. తీగ నేరుగా మట్టి అంచును కోయకుండా బెజ్జం లోపలి అంచులను పచ్చిగా ఉన్నప్పుడే వేలితో గుండ్రం చేయాలి. నైలాన్ తాడు వద్దు, దీపం వేడికి కరుగుతుంది. వేలాడదీసే ముందు లోపల ప్రమిద, నూనె బరువుకు రెట్టింపు బరువు పెట్టి, నేలకు జానెడు ఎత్తులో ఒక పూటంతా వదిలి చూడండి.

తులసి_కోట
వరండాలో గాలి ఎక్కువ. గాలి వచ్చే వైపు బెజ్జాలు తగ్గించాలా?

కరకట్ట
గాలి ఒకే వైపు నుంచి రాదు, పైగా వేలాడే లాంతరు తిరుగుతూ ఉంటుంది. ప్రమిద అంచు ఎత్తుకు రెండు అంగుళాల పైదాకా బెజ్జాలేవీ లేకుండా గోడ వదిలితే వత్తి దగ్గర గాలి తగలదు, ఆ పైన మీకు నచ్చినన్ని వేసుకోవచ్చు. అడుగున మాత్రం సన్నని బెజ్జాలు రెండో మూడో ఉండనివ్వండి.